కొడితేనే ఆట వస్తుందా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, అందరూ రాసే "కష్టపడి చదవండి" వ్యాసమే నేనూ మొదలుపెట్టాను. రెండు పేరాలు రాసేసరికి నాకే విసుగు పుట్టి చింపేశాను. ఆ మాట మీకు రోజూ ప్రేయర్‌లో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఎవరూ చెప్పని సంగతి ఒకటి రాద్దామనిపించింది. ఆటలో దెబ్బల గురించి. పట్టు పట్టినప్పుడు మోకాలు చెక్కుకుపోయే దెబ్బ గురించి కాదు. ఆట నేర్పే పేరుతో మనిషిని మనిషి కొట్టే దెబ్బ, తిట్టే తిట్టు, తాకకూడని చోట తాకే చెయ్యి, వీటి గురించి.

ముందు నా సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాను. మాది జలదంకి మండలమే. నాయన బేల్దారి పని, అమ్మ పొగాకు బ్యారన్ల దగ్గర కూలి. ఆరో తరగతి నుంచి పది వరకు హాస్టల్లో ఉండి చదివాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటివాణ్ణి నేనే. తర్వాత ఎం.ఎస్.డబ్ల్యూ. చేశాను. పిల్లల రక్షణ అనే సబ్జెక్టు చదువుతున్నప్పుడు క్రీడల్లో హింస మీద ఒక పాఠం వచ్చింది. క్లాసులో అందరూ రాసుకుంటున్నారు. నేను పెన్ను కింద పెట్టేశాను. అందులో రాసిందంతా నాకు జరిగిందే. అప్పటిదాకా దాన్ని హింస అంటారని నాకు తెలియదు. అసలు ఈ వ్యాసమంతా ఆ ఒక్క విషయం గురించే: దెబ్బ తిన్నవాడికి అది దెబ్బ అని ఎందుకు తెలియదు?

పిక్కల మీద వాతలు

తొమ్మిదిలో ఉన్నప్పుడు కబడ్డీ జిల్లా జట్టు ఎంపిక కోసం వారం రోజుల శిబిరానికి వెళ్ళాను. ఊరు పేరు, సారు పేరు రాయను. ఆ సారుకు ఆట మాత్రం బాగా తెలుసు. కూతకు వెళ్ళినవాడి కాలి మడమ చూసి ఎటు తిరుగుతాడో ముందే చెప్పేవాడు. చేతిలో చింత బరికె ఉండేది. కూతకు వెళ్ళి దొరికిపోయి వస్తే పిక్క మీద ఒకటి. మూడు సార్లు దొరికితే గోడకుర్చీ. తిరిగి మాట్లాడితే మైదానం చుట్టూ ఇరవై రౌండ్లు. నీళ్ళు తాగితే కడుపు బరువెక్కి ఒంగలేరని, ప్రాక్టీసు అయిందాకా చుక్క ముట్టనిచ్చేవాడు కాదు.

ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన ఒక పిల్లవాడు ఉండేవాడు. సన్నగా, గాలికి ఊగే జొన్న కర్రలాగా. కూత బ్రహ్మాండంగా పెట్టేవాడు. మూడో రోజు మధ్యాహ్నం రౌండ్లు కొడుతూ పడిపోయాడు. లేపి చెట్టు కింద కూర్చోబెట్టారు. సారు "నాటకాలు" అన్నాడు. మేము నవ్వాము. నేనూ నవ్వాను. ఆ రాత్రే వాడు సంచి సర్దుకొని ఇంటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ పోటీలోనూ కనబడలేదు.

మిగిలిన మేము రాత్రి దీపం ఆర్పే ముందు ఒకరి పిక్కలు ఒకరికి చూపించుకొని వాతలు లెక్కపెట్టుకునేవాళ్ళం. ఎక్కువ ఉన్నవాడు ఆ రోజు హీరో. "సారు నన్ను ఎక్కువ కొట్టాడంటే నా మీద ఎక్కువ ఆశ పెట్టుకున్నాడు" అని ఒకడు అన్నాడు. అందరం ఒప్పుకున్నాం. నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, ఇంటికి వచ్చాక అమ్మ పిక్కలు చూసి "ఏంది నాయనా ఇది?" అంటే "ఆటలో తగిలింది మా" అన్నాను. అబద్ధం చెప్తున్నానని కూడా నాకు అనిపించలేదు. నిజంగానే అది ఆటలో భాగమనుకున్నాను.

ఇది మా ఒక్కరి సంగతి కాదు

2011లో బ్రిటన్‌లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వాళ్ళు, పిల్లల రక్షణ కోసం పనిచేసే ఎన్.ఎస్.పి.సి.సి. సంస్థతో కలిసి ఒక అధ్యయనం వెలువరించారు. 18 నుంచి 22 ఏళ్ళ మధ్య ఉన్న ఆరు వేల మందికి పైగా యువతను, చిన్నప్పుడు ఆటల్లో మీకు ఏం జరిగిందని అడిగారు. నూటికి 75 మంది తిట్లు, ఎగతాళి, అవమానం వంటివి ఎదుర్కొన్నామన్నారు. 29 మంది లైంగిక వేధింపు, 24 మంది శారీరక హింస చూశామన్నారు. నాకు ఆశ్చర్యం వేసింది ఈ అంకెలకు కాదు. ఇంత చెప్పినవాళ్ళలోనే ఎక్కువమంది "ఆటలు మాకు మంచే చేశాయి" అని కూడా చెప్పారు. ఇంకొకటి: మనసును గాయపరిచే పనులు చేసినవాళ్ళలో కోచ్‌ల కంటే తోటి ఆటగాళ్ళే ఎక్కువగా ఉన్నారు. బ్రిటన్ అనేసరికి మనకు వేరే లోకం అనిపిస్తుంది కానీ, మా శిబిరంలో రాత్రిపూట జరిగింది కూడా అదే గదా. పడిపోయినవాణ్ణి చూసి నవ్వింది సారు ఒక్కడే కాదు.

కెనడాలో స్టర్లింగ్, కెర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆట మానేసిన మహిళా ఈతగాళ్ళతో మాట్లాడి 2007లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆడుతున్న రోజుల్లో కోచ్ తిట్లు, వస్తువులు విసరడం అన్నీ వాళ్ళకు మామూలుగానే కనిపించాయి. పతకాలు వస్తున్నంత కాలం "ఆయన పద్ధతి అంతే, ఫలితం వస్తోంది గదా" అనుకున్నారు. ఆట తగ్గుముఖం పట్టాకే, లేదా పూర్తిగా మానేశాకే, తమకు జరిగింది తప్పని అర్థమైంది. నాకు పీజీ క్లాసులో అర్థమైనట్టు.

జపాన్‌లో దీనికి ఒక పేరే ఉంది, తైబత్సు అంటారు. శిక్ష పేరుతో కొట్టడం. 2012 డిసెంబరులో ఒసాకాలో ఒక హైస్కూలు బాస్కెట్‌బాల్ జట్టు కెప్టెన్, కోచ్ చేతిలో పదేపదే దెబ్బలు తిని ప్రాణం తీసుకున్నాడు. కెప్టెన్‌ను కొడితే జట్టంతా దారికి వస్తుందనే ఆలోచన అది. ఆ కోచ్‌కు తర్వాతి ఏడాది కోర్టు శిక్ష వేసింది. అదే సమయంలో పదిహేను మంది మహిళా జూడో క్రీడాకారులు తమ జాతీయ జట్టు కోచ్ కొడుతున్నాడని ఫిర్యాదు చేస్తే ఆయన 2013లో తప్పుకోవలసి వచ్చింది. ఒలింపిక్స్ ఆడిన వాళ్ళకే నోరు విప్పడానికి పదిహేను మంది కలవాల్సి వచ్చిందంటే, తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒంటరిగా ఏం చెప్తాడు?

మన దగ్గర చెప్పకపోవడానికి ఇంకా గట్టి కారణాలున్నాయి. ఎంపిక జాబితా ఆయన చేతిలో ఉంటుంది. సర్టిఫికెట్ మీద సంతకం ఆయనది. ఆ సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందేమో, పోలీసు ఉద్యోగం వస్తుందేమో అని ఇంట్లో ఎదురుచూస్తుంటారు. పైగా మన తల్లిదండ్రులు బడిలో చేర్పించే రోజే "కళ్ళు తప్ప యాడైనా కొట్టండి సారూ, మేం అడగం" అని చెప్పి వస్తారు. మా నాయనా అదే చెప్పాడు. అది నా మీద ప్రేమ లేక కాదు. చదువు తెలిసిన మనిషి ముందు తన దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ లేక, కొడుకును కొట్టే హక్కు ఇచ్చి వచ్చాడు. దీన్ని నేను ఇప్పటికీ నాయనతో మాట్లాడలేకపోయాను.

కఠినత్వం వేరు, హింస వేరు

ఈ మాట అన్నప్పుడల్లా మా ఊరి వాళ్ళు పి.వి. సింధు కథ చెప్తారు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు గోపీచంద్ ఆమె ఫోను తీసి తన దగ్గర పెట్టుకున్నాడు, ఐస్‌క్రీమ్ ముట్టనివ్వలేదు, అందుకే వెండి పతకం వచ్చింది అంటారు. ఫోను సంగతి, ఐస్‌క్రీమ్ సంగతి నిజమే, ఆయనే చెప్పాడు. ఇది హింసా? నా దృష్టిలో కాదు. అప్పటికి సింధుకు 21 ఏళ్ళు. ఎందుకో ఆమెకు తెలుసు, ఎప్పటిదాకానో తెలుసు, వద్దంటే వద్దనగల మనిషి. ఒంటికి గాని, మర్యాదకు గాని దెబ్బ లేదు. అదే పని పన్నెండేళ్ళ హాస్టల్ పిల్లకు చేసి, ఆరు నెలలు ఇంటికి ఫోను చేయనివ్వకపోతే అప్పుడు నేను వేరే పేరు పెడతాను. పని ఒకటే అయినా, ఎవరి మీద, ఎందుకు, అడిగే వీలుందా లేదా అన్నదాన్ని బట్టి మారిపోతుంది.

తెల్లవారి ఐదింటికి లేపడం హింస కాదు. దమ్ము పెరగడానికి రౌండ్లు కొట్టించడం హింస కాదు. తప్పు చేశాడని కోపంతో, మిట్టమధ్యాహ్నం, నీళ్ళివ్వకుండా అవే రౌండ్లు కొట్టించడం హింస. మన నెల్లూరు ఎండల్లో అది ప్రాణం మీదికి కూడా తెస్తుంది. చెమట రూపంలో నీళ్ళు, ఉప్పు పోయి ఒంటి వేడి దిగదు. తల తిరగడం, వాంతి రావడం, మాట తడబడడం, స్పృహ తప్పడం వడదెబ్బ గుర్తులు. ఆటగాడికి దాహం వేసినప్పుడు నీళ్ళివ్వకూడదన్న మాటకు ఏ శాస్త్రంలోనూ ఆధారం లేదు. మడమ బెణికినవాడితో బ్యాండేజీ చుట్టి ఆడించడం, ఇంజెక్షన్ చేయించి దించడం కూడా హింసలోకే వస్తాయి. మనం దాన్ని "దమ్మున్నోడు" అని మెచ్చుకుంటాం.

ఇక కొడితే ఆట వస్తుందా అన్న ప్రశ్న. కబడ్డీ ఆడినవాళ్ళకు సులువుగా అర్థమయ్యేట్టు చెప్తాను. కూత సమయం 30 సెకన్లు. అవతల ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే బోనస్ గీత దాటితే పాయింటు. బోనస్‌కు వెళ్ళాలంటే దొరికిపోతాననే ప్రమాదాన్ని ఒప్పుకొని కాలు లోపలికి పెట్టాలి. దొరికితే బరికె దెబ్బ అని తెలిసినవాడు ఏం చేస్తాడు? గీత దగ్గరే అటూ ఇటూ తిరిగి, ఖాళీ చేతులతో వెనక్కి వస్తాడు. దొరకడు, దెబ్బ పడదు, పాయింటూ రాదు. మా శిబిరం చివరి రోజుకల్లా అందరం అలాగే ఆడాం. సారు "భయపడి చస్తున్నారు" అని దానికీ కొట్టాడు. భయం యాడనుంచి వచ్చిందో అప్పుడు మాలో ఎవరూ అనలేదు. కొడితే వచ్చేది తప్పు చేయకపోవడం కాదు, కొత్తది ప్రయత్నించకపోవడం.

నోటి దెబ్బ

బరికె వాత పదిరోజుల్లో మానిపోయింది. అదే శిబిరంలో ఒకాయన మమ్మల్ని పేరుతో పిలవకుండా "ఏయ్ హాస్టలోళ్ళు" అనేవాడు. తిండి దగ్గర ఇంకో మాట కూడా కలిపేవాడు. అది ఇక్కడ రాయను. మీలో చాలామందికి రాయకుండానే తెలుస్తుంది. అది నాకు ఇప్పటికీ మానలేదు.

2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో భారత మహిళా హాకీ జట్టు ఓడినప్పుడు, వందనా కటారియా ఇంటి ముందు కొందరు కులం పేరుతో దూషిస్తూ టపాకాయలు కాల్చారు. దళితులు ఎక్కువైనందుకే జట్టు ఓడిందన్నారని కుటుంబం ఫిర్యాదు చేసింది. అంతకు కొన్ని రోజుల ముందే ఆమె దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో ఒకే మ్యాచిలో మూడు గోల్స్ కొట్టిన మొదటి భారత మహిళ ఆమె. మన తెలుగు నేలకు వస్తే, వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి ఉంది. చిన్నప్పుడు ఊళ్ళో వాళ్ళు ఆమెను పిచ్చిదని, కోతి అని ఎగతాళి చేసేవాళ్ళని, ఎవరికైనా ఇచ్చేయమని కూడా సలహా ఇచ్చారని ఆమె తల్లిదండ్రులు చెప్పారు. ఆమె 2024లో ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల బంగారు పతకం, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అయితే తమ్ముళ్ళూ, "తిట్టారు కాబట్టే గెలిచింది" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆమె గెలిచింది ఆమె పరుగును గుర్తించి వెంటపడి నేర్పిన కోచ్ వల్ల, ఆమె కష్టం వల్ల. తిట్లు తిని కనబడకుండా పోయినవాళ్ళ పేర్లు మనకు పేపర్లో రావు. ఆత్మకూరు పిల్లవాడి పేరు రాలేదు.

చెల్లెళ్ళ సంగతి

ఇక్కడ నేను కొంచెం జాగ్రత్తగా రాయాలి. మగపిల్లవాణ్ణి, నాకు తెలిసింది సగమే.

మా చెల్లెలు ఖోఖో బాగా ఆడేది. ఎనిమిదిలో ఉండగా ఒక పోటీకి వెళ్ళొచ్చాక ఆడనంది. కాళ్ళు నొప్పి అంది. ఇంట్లో ఎవరూ మళ్ళీ అడగలేదు. అమ్మయితే "ఆడపిల్లకు పరుగులెందుకు, మంచిదే" అంది. నాలుగేళ్ళ తర్వాత నేను ఈ పాఠం చదివి వచ్చి అడిగితే చెప్పింది. స్ట్రెచింగ్ నేర్పే నెపంతో ఒకాయన చేతులు ఎక్కడెక్కడికో పోయేవట. పిల్లలందరికీ తెలుసట. "ఆ సారు వైపు వరుసలో నిలబడొద్దే" అని పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవాళ్ళట. అంటే వాళ్ళకు హింస అని తెలుసు. తెలిసి, ఎవరికి చెప్పాలో తెలియక, వరుస మార్చుకున్నారు. "ఇంట్లో ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "చెప్తే ఆట మాన్పిస్తారు గదన్నా" అంది. చెప్పకపోయినా ఆట పోయింది. చెప్పినా పోయేదే. ఆయన మాత్రం విజిల్ వేసుకుంటూ ఉన్నాడు.

ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మన శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి (సిడ్నీ, 2000). 2010 ప్రాంతంలో జూనియర్ లిఫ్టర్లను ఒక కోచ్ వేధిస్తున్నాడని ఆమె బహిరంగంగా ఆరోపించింది. ఆ దగ్గరి రోజుల్లోనే మహిళా హాకీ జట్టు కోచ్ మీద ఫిర్యాదు వచ్చి ఆయన రాజీనామా చేశాడు. దానికి ముందు, 2009లో, హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలోని క్రీడా హాస్టల్లో ఒక యువ బాక్సర్ ప్రాణం తీసుకుంది. కోచ్ వేధింపులే కారణమని అప్పట్లో ఆరోపణలు వచ్చాయి. 2015లో కేరళలోని అలప్పుళ సాయ్ కేంద్రంలో నలుగురు అమ్మాయిలు కలిసి ఆత్మహత్యకు ప్రయత్నిస్తే ఒకరు చనిపోయారు. అక్కడ వినిపించింది సీనియర్ల వేధింపు. 2010 నుంచి పదేళ్ళలో సాయ్ కేంద్రాల్లో నమోదైన లైంగిక వేధింపు ఫిర్యాదులు 45, అందులో 29 కోచ్‌ల మీద అని 2020లో సమాచార హక్కు ద్వారా బయటికొచ్చింది. ఇవి చెప్పినవి. వరుస మార్చుకున్నవి ఇందులో లేవు.

2023 జనవరిలో వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్, బజరంగ్ పునియా వంటి మల్లయోధులు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నది మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షుడి మీద వాళ్ళ ఆరోపణలు కోర్టుకు వెళ్ళాయి. వాటి సంగతి కోర్టు చూస్తుంది. నాకు ముఖ్యమనిపించింది వేరు. చట్టం 2013లో వచ్చినా, ఆ సమాఖ్యలో ఫిర్యాదులు వినే కమిటీయే సరిగ్గా లేదని విచారణలో తేలింది. ఇంకా చాలా జాతీయ సమాఖ్యల్లో అదే పరిస్థితి అని తెలిసి మానవ హక్కుల కమిషన్ నోటీసులిచ్చింది. ఒలింపిక్ పతకం ఉన్నవాళ్ళకే వినే చెవి లేనప్పుడు, మా చెల్లెలు వరుస మార్చుకోవడం తెలివైన పనే అనిపించింది నాకు. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ మహిళా క్రికెట్ జట్టు కోచ్ జట్టు బస్సులో మద్యం తాగాడని, వద్దన్న అమ్మాయిలను తిట్టాడని ఫిర్యాదు వస్తే సంఘం ఆయన్ను సస్పెండ్ చేసింది. వీడియో ఉండబట్టి కదిలారు.

2025 జనవరిలో కేరళ పత్తనంతిట్టలో ఒక దళిత క్రీడాకారిణి, పదమూడేళ్ళ వయసు నుంచి ఐదేళ్ళ పాటు కోచ్‌లతో సహా అరవై మందికి పైగా తనను లైంగికంగా హింసించారని చెప్పింది. ఆ అమ్మాయి ఎక్కడ చెప్పిందో గమనించండి. పోలీసు స్టేషన్లో కాదు, మైదానంలో కాదు. కౌన్సెలింగ్‌కు వచ్చిన వాళ్ళు కూర్చుని అడిగినప్పుడు. ఐదేళ్ళలో ఎవరో ఒకరు కూర్చుని అడిగిన మొదటిసారి అదేనేమో.

చట్టంలో ఉన్నది, తేలిక మాటల్లో

బడిలో పిల్లల్ని కొట్టడం మన రాష్ట్రంలో 2002లోనే నిషేధించారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెంటినీ నిషేధించింది. డ్రిల్ పీరియడ్‌కు మినహాయింపు ఏమీ రాయలేదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ప్రకారం బిడ్డ బాధ్యత చేతిలో ఉన్న మనిషి ఆ బిడ్డను కొట్టినా, నిర్లక్ష్యం చేసినా మూడేళ్ళ దాకా జైలు. పిల్లల సంరక్షణ చూసే సంస్థలో పనిచేసేవాళ్ళయితే ఐదేళ్ళ దాకా.

2012 పోక్సో చట్టం 18 ఏళ్ళలోపు ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ వర్తిస్తుంది. ఇది మగపిల్లలకు గట్టిగా చెప్పాలి, మనం సిగ్గుతో చచ్చిపోతాం గాని చెప్పం. ఆ చట్టం 19వ సెక్షన్ ప్రకారం సంగతి తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసి దాచితే ఆరు నెలల దాకా జైలు, సంస్థ అధిపతి దాచితే ఏడాది దాకా. బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గర గాని, బిడ్డ కోరిన చోట గాని తీసుకోవాలి. వచ్చే పోలీసు యూనిఫారంలో ఉండకూడదు. పేరు పేపర్లో రాకూడదు. కులం పేరుతో దూషిస్తే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం మహిళా క్రీడాకారుల, మైనర్ల రక్షణకు సురక్షిత క్రీడా విధానం ఉండాలని చెప్పింది. అది మండల స్థాయి పోటీల దాకా ఎప్పుడు దిగి వస్తుందో చూడాలి.

1098 పిల్లల కోసం, 112 అత్యవసరానికి, 181 మహిళలకు. బతకాలనిపించనంత బాధగా ఉంటే 14416కు చేస్తే టెలి మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు పడదు. ఫోను లేదంటారా? ఇంటికి చేయాలని వార్డెన్ గారి ఫోను అడుగుతారు గదా, అలాగే ఊళ్ళో అంగన్‌వాడీ అక్కనో, ఆశా అక్కనో, మాలాంటి పాత విద్యార్థినో అడగండి. ఒకరు వినకపోతే రెండో వాళ్ళకు, వాళ్ళూ వినకపోతే మూడో వాళ్ళకు చెప్పండి.

నేను కొట్టిన దెబ్బ

ఇక్కడితో ఆపేస్తే నేను మంచివాడినైపోతాను. పదో తరగతిలో నేను జట్టు కెప్టెన్‌ని. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు ప్రాక్టీసుకు రోజూ ఆలస్యంగా వచ్చేవాడు. ఒక రోజు వాణ్ణి నలుగురి ముందు చెంప మీద కొట్టాను. వాడు ఏడవలేదు. వెళ్ళి రౌండ్లు కొట్టాడు. నాకు సారు అయిపోయినంత గర్వం కలిగింది.

మొన్న సంక్రాంతికి వాణ్ణి కలిశాను. ఇప్పుడు ఆటో తోలుతున్నాడు, సాయంత్రాలు ఊరి పిల్లలకు కబడ్డీ నేర్పుతున్నాడు. క్షమించమని అడుగుదామని వెళ్ళాను. వాడికి అర్థమే కాలేదు. "ఏందన్నా, ఆ దెబ్బకా? నువ్వు కొట్టబట్టే గదా నేను నిలబడ్డాను" అన్నాడు. అన్నాక, ఆటో సీటు వెనక నుంచి చింత బరికె తీసి చూపించాడు. నవ్వుతూనే. నాకు నోట మాట రాలేదు. ఆ బరికె నా చేతిలోంచే వాడి చేతిలోకి పోయింది, నా చేతికి ఆ శిబిరం సారు ఇచ్చాడు, ఆయనకు ఎవరిచ్చారో.

చదువుకున్నవాణ్ణి గదా అని చట్టాలన్నీ చెప్పాను. విన్నాడు. విని, "సరేన్నా. కొట్టకుండా ఎట్ట ఆడించేదో నువ్వే చెప్పు మరి" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర జవాబు తయారుగా లేదు.

ఇద్దరం కలిసి ఆ నాలుగు రోజులు పిల్లలతో ఉన్నాం. ఒక నోటు పుస్తకం కొన్నాం. దొరికిపోయి వచ్చిన ప్రతివాడూ, తనను పట్టుకున్నప్పుడు తన కాలు ఎక్కడుందో, అవతల మూలలో ఉన్నవాడు ఎటు చూస్తున్నాడో చెప్పాలి. ఒకడు రాస్తాడు. మొదటి రోజు ఎవరికీ ఏమీ గుర్తులేదు, దొరికామనే భయం తప్ప. మూడో రోజుకు ఒక బుడ్డోడు "మూలోడి చెయ్యి చూసుకోలేదన్నా, గీత చూస్తున్నా" అన్నాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను ఎందుకని అడిగితే, ఒకడు గేదెలకు మేత వేసి వస్తున్నాడని తెలిసింది. వాడికి పది నిమిషాలు వెనక టైం పెట్టాం. నీళ్ళ బిందె గీత పక్కనే పెట్టాం. కనుమ రోజు టోర్నమెంటులో రెండో మ్యాచికే ఓడిపోయారు. గెలిచారని రాయాలని నాకూ ఉంది, కానీ ఓడిపోయారు. ఎనిమిది బోనస్‌లకు పోయి నాలుగు తెచ్చారు.

మొన్న ఫోను చేస్తే నోటు పుస్తకం అయిపోయిందని, ఇంకోటి కొన్నానని చెప్పాడు. బరికె ఏం చేశావన్నాను.

"సీటు వెనకే ఉందన్నా. ఉండనీలే, కుక్కలకి" అన్నాడు.